మంచం మీదున్నవాడు బేరమాడలేడు

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం, గ్రంథాలయ సభలో ఒక విశ్రాంత ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, వెనక బెంచీల్లో కూర్చున్న నర్సింగ్ పిల్లలకు కూడా.

నేను డాక్టర్ని కాను. ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణీ కాను. మందులిచ్చేవాణ్ణి. 11 ఏళ్లు సొంత మెడికల్ షాపు నడిపాను. ఆ తర్వాత 22 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. అంటే కౌంటరు వెనక లాభం కోసమూ కూర్చున్నాను, జీతం కోసమూ కూర్చున్నాను. వైద్యంలో లాభం ఎంతవరకు ఉండొచ్చు, ప్రభుత్వం ఎక్కడ కలగజేసుకోవాలి అనే మాట వచ్చినప్పుడు చాలామంది ముందే ఒక పక్కకు చేరిపోయి మాట్లాడతారు. నేను రెండు కౌంటర్లలో చూసింది మీ ముందు పెడతాను.

మొదట 2015 నాటి ఒక రాత్రి గురించి చెప్పాలి. గజపతినగరం దగ్గర పల్లెలో ఉండే మా అన్నయ్యకు గుండెనొప్పి వచ్చింది. కారు మాట్లాడుకుని విశాఖపట్నం తీసుకెళ్లాం. పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, పేరు అనవసరం. అర్ధరాత్రి దాటాక లోపలి నుంచి ఒకాయన ఫైలు పట్టుకుని వచ్చాడు. "రెండు బ్లాకులున్నాయండీ, స్టెంట్లు వెయ్యాలి. మూడు రకాలున్నాయి. మామూలువి, మందు పూతవి, ఇంపోర్టెడ్‌వి. ఏవి వెయ్యమంటారు?" అన్నాడు. స్టెంటంటే మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం. ఇంపోర్టెడ్‌ది ఒక్కోటి 1,20,000. పది నిమిషాల్లో చెప్పాలన్నాడు.

మా వదిన నా మొహంలోకి చూసింది. "మందులోడివి నువ్వు కదా బాబూ, నువ్వే సెప్పు" అంది.

పాతికేళ్లుగా మందుల మధ్య బతికినవాణ్ణి. డిస్ట్రిబ్యూటర్లతో అర్ధ రూపాయి దగ్గర గంటసేపు వాదించినవాణ్ణి. ఆ రాత్రి నాకు నోరు పెగల్లేదు. ఇది ఎక్కువ కదా అని అడగలేదు. ఇంకో ఆసుపత్రిలో ఎంతో కనుక్కుంటానని అనలేదు. ఎలా అంటాను? లోపల మా అన్నయ్య బల్ల మీద ఉన్నాడు. "ఏది మంచిదైతే అదే వెయ్యండి" అన్నాను. అందరూ అనే మాటే నేనూ అన్నాను. రెండింటికి 2,40,000. ఆ పైన ఆసుపత్రి బిల్లు వేరే. ఆ ఏడాది అన్నయ్య ఎకరం పొలం అమ్మాడు.

2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఎన్‌పీపీఏ అంటారు. 1997లో పెట్టిన కేంద్ర సంస్థ. మామూలు లోహపు స్టెంటు 7,260 రూపాయలకు, మందు పూత ఉన్న స్టెంటు 29,600 రూపాయలకు మించి అమ్మకూడదని తేల్చింది. పన్ను అదనం. ఇంపోర్టెడ్ అన్నా, ఇండియాది అన్నా ఒకే పరిమితి. లక్షా పాతిక వేల దాకా అమ్ముతున్న వస్తువు ఒక్క రోజులో 30 వేలలోపుకు వచ్చింది. లోహం ధర తగ్గలేదు, కూలి తగ్గలేదు, కొత్త యంత్రమేదీ రాలేదు. ఒక కాగితం వచ్చింది, అంతే.

ఆ వార్త పేపర్లో చదివిన రోజు అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. "మనకి రెండేళ్లు ఆలస్యమయ్యిందిరా" అన్నాడు. కోపంగా కాదు, చాలా నెమ్మదిగా అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నేను ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నది అందుకే.

లాభం పాపమని నేను అనను. ధర పెరిగితే కొనడం మానేస్తాం, పక్క కొట్టుకు వెళతాం అనేది బజారు నియమం. చీరకు, ఇటుకకు, సెల్‌ఫోనుకు అది సరిపోతుంది. వైద్యం దగ్గర ఆ నియమం ఎందుకు పనిచేయదో కెన్నెత్ ఆరో అనే అమెరికా ఆర్థికవేత్త 1963లోనే వివరించాడు. ఆయనకు 1972లో నోబెల్ కూడా వచ్చింది. ఆయన చెప్పినది మన మాటల్లో చెప్పుకోవాలంటే ఇలా ఉంటుంది. జబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చాక ఏం కావాలో రోగికి తెలియదు, డాక్టరుకు తెలుసు. నీకు ఇది అవసరం అని చెప్పేది ఆయనే, అమ్మేదీ ఆయనే. కొనేవాడికి మిగిలింది నమ్మకం ఒక్కటే. నమ్మకం మీద నడిచే చోట, ఆ నమ్మకాన్ని కాసేవాడు ఒకడు బయట ఉండాలి. మంచం మీదున్నవాడు బేరమాడలేడు, వాడి కోసం వరండాలో నిలబడ్డవాడూ ఆడలేడు. ఆ బేరం వాళ్ల తరఫున ముందే, తీరిగ్గా, లెక్కలు దగ్గర పెట్టుకుని ఇంకెవరో ఆడి ఉంచాలి. స్టెంట్ల విషయంలో 2017లో జరిగింది అదే.

ఇప్పుడు రెండో వైపు. మన ఉత్తరాంధ్రలో బోదకాలు తెలియనివాళ్లు లేరు. నా చిన్నప్పుడు ప్రతి వీధిలో ఒకరిద్దరు ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచేవారు. ఏటేటా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర ఎక్కడ పుట్టిందో తెలుసా? అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ లేబొరేటరీలో. ఆ పరిశోధనలు నడిపించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1947లో ఆ మందు లోకానికి తెలిసింది. ఆ లేబొరేటరీకి జీతాలిచ్చినది, రసాయనాలు కొన్నది, ఏళ్ల తరబడి ఓపిక పట్టినది లాభం చూసుకునే కంపెనీయే. దాన్ని కాదనలేం.

కానీ ఆ మాత్ర మన వీధిలోకి కంపెనీ తీసుకురాలేదు. ఈ జబ్బున్నది పేదవాళ్లకు. జబ్బు లేనివాడు కూడా మింగితేనే ఊరంతా బాగుపడుతుంది. జబ్బు లేనివాడు డబ్బిచ్చి మాత్ర కొనడు. అందుకే 2004 నుంచి ప్రభుత్వం దేశవ్యాప్తంగా ఇంటింటికీ తిప్పి ఊరికే మింగిస్తోంది. నేను కూడా ఆ డబ్బాలు లెక్కపెట్టి సబ్ సెంటర్లకు పంపినవాణ్ణే. కనిపెట్టడం ఒకరి వల్ల అయింది, గడప దాకా చేర్చడం ఇంకొకరి వల్ల అయింది. ఈ రెండు పనులనూ ఒకరి నెత్తినే పెట్టాలని చూసినప్పుడల్లా మనం దెబ్బ తిన్నాం.

మన దేశం మందుల విషయంలో చేసిన మంచి పని ఒకటి 1970 నాటి పేటెంట్ల చట్టం. పేటెంటు అంటే కనిపెట్టినవాడు తప్ప ఇంకెవరూ చెయ్యకూడదన్న హక్కు. అది మందుకు కాదు, మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే అన్నారు. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. ఆ చట్టం వల్ల మన కంపెనీలు పుట్టాయి, లాభాలు చేసుకున్నాయి, ధరలూ దిగాయి. ఎయిడ్స్ మందులు ఒక రోగికి ఏడాదికి 10,000 డాలర్లు పైన అవుతున్న రోజుల్లో, 2001లో సిప్లా కంపెనీ 350 డాలర్లకే ఇస్తానంది. 2005లో చట్టం మారి మందుకే పేటెంటు వచ్చేసింది. అయినా ప్రజలకు అందని ధర పెడితే ఇంకొకరికి లైసెన్సు ఇవ్వొచ్చన్న నిబంధన అందులో ఉంచారు. 2012లో కిడ్నీ, లివర్ క్యాన్సర్ మందు ఒకటి నెలకు 2,80,000 రూపాయలుంటే, మన హైదరాబాదు కంపెనీ నాట్కోకు ఆ లైసెన్సు ఇచ్చారు. నెలకు 8,880కి దిగింది. నాట్కో కూడా ధర్మసత్రం కాదు. లాభానికే అమ్మింది. లాభం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. నడుమ ఉన్న తేడా చట్టం గీసిన గీత.

ఇక నా షాపు సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. అయినా చెప్పకపోతే మిగతాది మాట్లాడే హక్కు నాకు ఉండదు.

షాపు పెట్టిన మొదటి మూడేళ్లు బస్టాండు దగ్గర ఉండేవాణ్ణి. అర్ధరాత్రి షట్టర్ కొడితే లేచి మందిచ్చేవాణ్ణి. దాని మీద వచ్చిన లాభానికి నేను సిగ్గుపడను, అది నా నిద్ర ఖరీదు. తర్వాత ఒక నర్సింగ్ హోమ్ కింద గది దొరికింది. అద్దె ఎంతండీ అంటే, "అద్దె వద్దు, అమ్మకంలో ఇంత శాతం" అన్నారు. ఒప్పుకున్నాను. అప్పట్నుంచి నా షాపులో మందులు మారిపోయాయి. వంద రూపాయల ఎంఆర్‌పీ వేసి, నాకు పాతికకో ముప్పైకో పడే స్ట్రిప్పులు రావడం మొదలైంది. పైన రాసే చీటీలోనూ ఆ పేర్లే. పదికి రెండు ఫ్రీ, పదికి ఐదు ఫ్రీ అని స్కీములు. మెడికల్ రెప్ ముందు పైకెళ్లి, తర్వాత నా దగ్గరికొచ్చేవాడు. కంపెనీ మారినా మందు అదే, పాకెట్టు రంగు వేరు. డబ్బా మీద ధర ఎవరు వేస్తున్నారు? కంపెనీ. ఎవరు వెయ్యమంటే? మేము వెయ్యమంటే. ధర ఎక్కువుంటేనే మాకు మిగులు ఎక్కువ, మాకు మిగిలేదే మేము కొంటాం. మామూలు బజారులో పోటీ ధరను కిందకు లాగుతుంది. మందుల బజారులో పోటీ ధరను పైకి తోస్తుంది. అక్కడ ఎంచుకునేవాడు ఒకడు, డబ్బు కట్టేవాడు ఇంకొకడు కాబట్టి.

అప్పుడు ఇది మా ఊరి సంగతే అనుకున్నాను. 2018 ఫిబ్రవరిలో ఎన్‌పీపీఏ వాళ్లు ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తీసి చూశారు. త్రీ వే స్టాప్‌కాక్ అని సెలైన్ గొట్టానికి పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, నర్సింగ్ పిల్లలకు తెలుస్తుంది. దాన్ని 5 రూపాయల 77 పైసలకు కొని బిల్లులో 106 వేశారు. 1,737 శాతం మార్జిన్ అని ఆ నివేదిక రాసింది. ఆ 106 కూడా డబ్బా మీద అచ్చేసిన ఎంఆర్‌పీయే, అంటే చట్టప్రకారం తప్పు దొరకదు. ఆసుపత్రుల ఒత్తిడి వల్లే కంపెనీలు పెద్ద ధరలు అచ్చేస్తున్నాయని కూడా అందులో ఉంది. చదివినప్పుడు నా పాత షాపే నాకు కనిపించింది. అక్కడ గాజు తలుపులు, ఏసీ, అంతే తేడా.

డబ్బు పోతే పోయింది అనుకుందాం, అప్పు తీర్చుకోవచ్చు. ఒంటికి జరిగేది తీరదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో, మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 63 శాతం ఆపరేషన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుమారు 27 శాతం. అవే ఊళ్లు, అవే కడుపులు. కష్టమైన కాన్పులను ఎక్కడెక్కడి నుంచో ఘోషాసుపత్రి, విశాఖ కేజీహెచ్ లాంటి ప్రభుత్వ పెద్దాసుపత్రులకు పంపేస్తారు కదా, మరి అక్కడే ఎక్కువ ఆపరేషన్లు ఉండాలి. తలకిందులుగా ఎందుకుంది? మంచి మనసుతో పనిచేసే ప్రైవేటు డాక్టర్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లను నిందించడం లేదు. కొందరు ఆడపిల్లలే ముహూర్తం చూసుకుని అడుగుతున్నారనీ తెలుసు. అవన్నీ కలిపినా అంత తేడా రాదు.

దానికన్నా బాధ పెట్టేది గర్భసంచి ఆపరేషన్. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 3.2 శాతం మందికి గర్భసంచి తీసేశారు. మన రాష్ట్రంలో 8.9 శాతం. దేశంలో మనమే మొదటి స్థానం. సంచి పట్టుకుని ఊళ్లో తిరిగే, డిగ్రీ లేని డాక్టరు చెబుతాడు, "తెల్లబట్ట అవుతోంది, అది క్యాన్సర్ అవుతాది, తీయించేసుకో" అని. భయపెట్టినవాడికి వాటా, కోసినవాడికి ప్యాకేజీ. ముప్పై ఏళ్లకే గర్భసంచి పోయి, నడుం నొప్పి, ఎముకల నొప్పులని నా కౌంటరు ముందు కాల్షియం మాత్రల కోసం క్యూలో నిలబడ్డవాళ్లను ఎందరినో చూశాను. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ అనవసర ఆపరేషన్ల కేసులో, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. వేరే రాష్ట్రాల మీద మొదలైన కేసు అది. అవసరం మాత్రం మనకే ఎక్కువ.

ఇక్కడ ఒకరు లేచి అడగొచ్చు. ఈ ఆపరేషన్ల డబ్బు కొంత ప్రభుత్వమే కట్టింది కదా అని. నిజం. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. మిగతావి అనంతపురం, మహబూబ్‌నగర్. గుండె ఆపరేషన్ అంటే చావే అనుకున్న కుటుంబాలు ఆ కార్డు పట్టుకుని విశాఖపట్నం వెళ్లి బతికి వచ్చాయి. నా చేత్తో రాసి పంపిన పిల్లల పేర్లు నాకు గుర్తున్నాయి. ఈ పథకాన్ని తేలిక చేసి మాట్లాడేవాళ్లతో నేను ఒప్పుకోను. పేరు మారి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, పని అదే. కానీ ఆపరేషన్‌కు ఇంత అని డబ్బు కడితే ఆపరేషన్లు పెరుగుతాయి. బీపీ అదుపులో పెట్టినందుకు ఎవరూ ప్యాకేజీ ఇవ్వరు. ప్రభుత్వం డబ్బు కట్టినంత మాత్రాన లాభం ఆలోచన పోదు, అడిగే చెయ్యి మారుతుంది. ఇంకో సంగతి, ప్రభుత్వం సకాలంలో కట్టే ఖాతాదారు కూడా కాదు. బకాయిలు పేరుకుపోయి 2025 అక్టోబరులో ఈ పథకంలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలు ఆపేశాయి. అప్పుడు ఇబ్బంది పడింది కార్డు పట్టుకుని వెళ్లినవాళ్లు. రేటు తగ్గించి కట్టడం ఒకటి, ఆ తగ్గించిన రేటు కూడా కట్టకపోవడం ఇంకొకటి. రెండోది చేసే ప్రభుత్వానికి మొదటిది చేసే అర్హత పోతుంది. ఏ పార్టీ ఉన్నా నా మాట ఇదే.

ధరల నియంత్రణలోనూ లొసుగులున్నాయి. 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ధర ఎలా కడతారంటే, బజారులో ఒక శాతం పైన అమ్మకమున్న బ్రాండ్ల ధరలన్నీ తీసి సగటు వేసి, దాని మీద దుకాణదారుకు 16 శాతం కలుపుతారు. తయారీ ఖర్చు చూడరు. అందరూ పదింతలకు అమ్ముతుంటే సగటు కూడా పదింతలే కదా! అంతకుముందు 1995 ఉత్తర్వులో ఖర్చు చూసి కట్టే పద్ధతి ఉండేది, మందుల సంఖ్య మాత్రం తక్కువ. ఇంకో దారి, ధర కట్టిన మందుకు ధర కట్టని మందు ఒకటి కలిపి కొత్త పేరుతో అమ్మడం. 2016లో ఇలాంటి 344 కలగలుపు మందులను అర్థం లేనివని కేంద్రం నిషేధించింది. కోర్టుల చుట్టూ తిరిగి, 2018లో 328 మీద మళ్లీ నిషేధం వచ్చింది. స్టెంట్ల ధర కట్టినప్పుడు కూడా కొన్ని విదేశీ కంపెనీలు ఫలానా రకం వెనక్కి తీసుకుపోతామని అర్జీ పెట్టుకున్నాయి. నీళ్లు పల్లానికి దారి వెతుక్కున్నట్టు డబ్బు కూడా దారి వెతుక్కుంటూనే ఉంటుంది. గట్టు ఒకసారి వేసి ఇంటికెళ్లిపోతే కుదరదు.

గట్టు తెగితే ఏమవుతుందో 2025లో చూశాం. మధ్యప్రదేశ్ ఛింద్వారా జిల్లాలో దగ్గు సిరప్పు తాగిన పసిపిల్లలు కిడ్నీలు చెడిపోయి చనిపోయారు. తయారీ తమిళనాడులో. అందులో కలిసినది డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం. ఇదే విషం 1937లో అమెరికాలో ఒక సల్ఫా సిరప్పులో కలిసి వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతి ఏడాదే వాళ్లు, మందు బజారులోకి రాకముందే సురక్షితమని చూపించాలన్న చట్టం తెచ్చారు. దాదాపు తొంభై ఏళ్ల కిందటి పాఠం ఇది. మన దగ్గర చట్టం లేక కాదు, చూసేవాడు లేక. ఏది రాసినా ఇన్‌స్పెక్టర్ రాజ్యం అని విసుక్కునేవాళ్లు ఆ తల్లుల మొహం ఒకసారి తలుచుకోవాలి.

మరి కాగితం మీద గట్టిగా రాస్తే చాలా? చాలదు. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ చట్టం 2002 నుంచే ఉంది. జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి, ఫీజుల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలి. మీలో ఎంతమంది ఆ పట్టిక చూశారు? (ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు.) చూశారా! ఇరవై ఏళ్లు దాటింది.

నాకు అర్థమైన సంగతి ఇక్కడే ఉంది. రైతుబజారు తలుచుకోండి. 1999 జనవరిలో రైతుబజార్లు మొదలుపెట్టినప్పుడు బయట కొట్లకు ఎవరూ ధర కట్టలేదు. రైతుబజారు గేటు దగ్గర ఒక నల్లబోర్డు పెట్టి, వంకాయ ఇంత, బెండకాయ ఇంత అని రోజూ రాశారు. అంతే. బయట బండివాడు దానికి రెండు రూపాయలు పైన చెప్పగలడు, ఇరవై పైన చెప్పలేడు. చెబితే మనం గేటు లోపలికి వెళ్లిపోతాం. జరిమానాలు వెయ్యకుండానే బోర్డు ఆ పని చేసింది. అయితే బోర్డు వెనక నిజంగా వంకాయలుండాలి. బోర్డుండి సరుకు లేకపోతే జనం నవ్విపోతారు.

ఆసుపత్రులకూ అంతే. ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రి బాగా నడిస్తే ఆ పక్కనున్న ప్రైవేటు ఆసుపత్రి తనంతట తనే ఒక హద్దులో ఉంటుంది. నేను పనిచేసిన చోట కళ్లారా చూశాను. స్కానింగ్ డాక్టరు ఉన్న ఏడాది ఎదురుగా ఉన్న సెంటర్లో స్కానింగ్ ధర తగ్గింది. ఆయన బదిలీ అయిన నెలకే పెరిగింది. ఏ జీవో రాలేదు, ఏ తనిఖీ జరగలేదు. నేను ఇండెంటు పెట్టిన, అంటే కావాలని పైకి రాసి పంపిన, ఇన్సులిన్ రాని నెలల్లో బయట షాపులవాళ్ల మాట తీరు కూడా మారిపోయేది. "రాలేదమ్మా, వచ్చే వారం రండి" అని నా నోటితో నేను చెప్పిన ప్రతిసారీ ఒక మనిషిని బయటికి పంపుతున్నానని నాకు తెలుసు. ఆ మాట చెప్పడం షాపులో ఎక్కువ లాభం తీసుకోవడం కన్నా నాకు ఎక్కువ నరకంగా ఉండేది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇంకా పెద్ద ఉదాహరణ. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడితోటల పచ్చని నేల. అక్కడ షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. ఎందుకో ఇప్పటికీ తేలలేదు. ఒకప్పుడు డయాలసిస్, అంటే యంత్రంతో రక్తం శుభ్రం చేయించుకోవడం, కావాలంటే కవిటి మనిషి 200 కిలోమీటర్లు పైన ప్రయాణం చేసి విశాఖపట్నం రావాలి. వారానికి రెండుసార్లో మూడుసార్లో. ముందు తోటలోని చెట్లు అమ్మేవారు, తర్వాత తోట అమ్మేవారు, తర్వాత రావడం మానేసేవారు. మానేశారంటే అర్థం మీకు తెలుసు. ఆ తర్వాత పలాసలో, సోంపేటలో, టెక్కలిలో ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే డయాలసిస్ యంత్రాలు పెట్టారు. ఇలాంటి కేంద్రాల్లో కొన్నిచోట్ల యంత్రం నడిపేది ప్రైవేటు సంస్థే. ఒక్కో డయాలసిస్‌కు ఇంత అని ప్రభుత్వం కడుతుంది, రోగి రూపాయి కట్టడు. వాళ్ల లాభం వాళ్లకుంది, కాకపోతే బేరం ముందే అయిపోయింది. మంచం మీదున్నవాడి దగ్గర కాదు.

ఇందులో ఇంకా లోతైన సంగతి ఒకటుంది. డయాలసిస్‌లో లాభముంది. కిడ్నీ చెడిపోకుండా ఆపడంలో ఎవరికీ లాభం లేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు శుద్ధి చేసి ఉద్దానం ఊళ్లకు పైపుల్లో పంపడానికి ఏ ఆసుపత్రి పెట్టుబడి పెడుతుంది? ఆ జబ్బు ఎందుకొస్తోందో వెతకడానికి ఏ కంపెనీ వస్తుంది? కారణం దొరికితే అమ్ముకునే సరుకు పోతుంది కానీ కొత్తది రాదు. నీళ్ల పథకం కానీ, 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కానీ ప్రభుత్వం చేస్తేనే అయ్యే పనులు. కట్టడం అయింది. ఆ ఆసుపత్రిలో కిడ్నీ డాక్టర్లను నిలబెట్టుకోవడం, పరిశోధన ఆగకుండా చూడటం భవనం కట్టడం కన్నా కష్టమైన పని. రిబ్బన్ కత్తిరించే రోజు ఫోటోలుంటాయి, డాక్టరు పోస్టు ఖాళీ అయిన రోజు ఫోటో ఉండదు. మన కన్ను ఆ రెండో రోజు మీద ఉండాలి.

ఇదంతా డబ్బుతో పని. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం జేబు నుంచి పోయేది 2013-14లో 64 శాతం. 2021-22 నాటికి 39 శాతానికి వచ్చిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గింది, సంతోషమే. కానీ 2017 ఆరోగ్య విధానంలో ప్రభుత్వాల ఖర్చు 2025 నాటికి జీడీపీలో 2.5 శాతం చేస్తామన్నారు. 2021-22లో అది 1.84 శాతం. ఆ మిగతా ముక్కలోనే నా ఇన్సులిన్ ఇండెంటు ఉంది, ఆ స్కానింగ్ డాక్టరు పోస్టు ఉంది.

నాకు ఇంకో పది నిమిషాలే ఉన్నాయని చీటీ పంపారు. కాబట్టి చట్టం ఇప్పటికే మన చేతిలో పెట్టినవి రెండు మూడు చెప్పి ఆపుతాను. ప్రమాదమో, ప్రాణం మీదికో వస్తే, పోలీసు కేసని ఏ డాక్టరూ మొదటి చికిత్స ఆపకూడదు. 1989లోనే సుప్రీంకోర్టు తేల్చింది, ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఒకటే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో చెప్పింది. ఆసుపత్రి సొంత షాపులోనే మందులు కొనాలని బలవంతం చేయడం మీద 2025 మార్చిలో మళ్లీ ఆ కోర్టు ముందుకు కేసు వెళితే, విధానం ఏమిటో రాష్ట్రాలే తేల్చుకోవాలంది. అంటే బంతి అమరావతిలో ఉంది. మన ఎమ్మెల్యేలు ఓట్ల కోసం వచ్చినప్పుడు రోడ్డు, కాలువతో పాటు ఈ మాట కూడా అడగండి. మందు ధరల కోసం ఎన్‌పీపీఏ వాళ్ల ఫార్మా సహీ దామ్ యాప్ ఉంది. మందు పేరు కొడితే ఎంతకు మించి అమ్మకూడదో చూపిస్తుంది. పిల్లలూ, మీ అమ్మమ్మల ఫోన్లలో అది వేసిపెట్టండి.

చివరగా ఒక విన్నపం. వచ్చే ఆదివారం నాలుగు గంటలకు నేను ఇదే గదిలో కూర్చుంటాను. మీ ఇంట్లో పాత ఆసుపత్రి బిల్లులుంటే తీసుకురండి. నలిగిపోయినా, సగం చెరిగిపోయినా పర్వాలేదు. ఏ వస్తువుకు ఎంత వేశారు, దానికి ధర కట్టి ఉందా లేదా, ఎక్కువైతే ఎవరికి రాయాలి అన్నది ఒక్కొక్క వరస కలిసి చదువుదాం. అన్నయ్య బిల్లు కూడా నా దగ్గర ఉంది. మొదట అదే తీస్తాను. ఆ మూడో వరసలో అక్క ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. చెప్పండమ్మా.